కష్టకాలంలో డబ్బు ఎవరి చేతికి చేరుతుంది? తాకట్టు బల్ల వెనక నుంచి చూసిన సంగతులు

ప్రశ్న అడిగినవారు తమ వీధి సంగతి రాశారు. 2020లో, కరోనా వేళ, అక్కడ టిఫిన్ హోటల్, బట్టల కొట్టు, ఫోటో స్టూడియో ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయట. అదే వరుసలో బంగారం మీద అప్పులిచ్చే కంపెనీ మాత్రం నిలబడింది, ఏడాది తిరిగేసరికి పక్క గదిని కూడా అద్దెకు తీసుకుంది. "అందరూ మునిగినప్పుడు వీళ్లు ఎలా తేలారు? ఇది న్యాయమేనా?" అని వారి ప్రశ్న.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో పధ్నాలుగేళ్లు కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల శాఖల్లో బంగారు రుణాలే నా పని. అప్రైజర్ గీటురాయి మీద నగ గీసి, బరువు తూచి చెబితే, ఎంత అప్పు ఇవ్వవచ్చో రాసి సంతకం పెట్టేవాణ్ని. ఆ బల్ల దగ్గర చూసినదాన్ని బట్టే సమాధానం చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందుగా, మీరు చూసింది నిజమే. 2020 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో మన దేశ స్థూల దేశీయోత్పత్తి అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. ఆ ఆర్థిక సంవత్సరంలోనే బంగారు రుణాల కంపెనీల్లో అతి పెద్దదైన ముత్తూట్ ఫైనాన్స్ నికర లాభం 3,018 కోట్ల రూపాయల నుంచి 3,722 కోట్లకు పెరిగింది. స్టాక్ మార్కెట్ కూడా అంతే. 2020 మార్చి 23న 26 వేల కిందికి జారిన సెన్సెక్స్, పది నెలలు తిరగకముందే, 2021 జనవరి 21న 50 వేలను తాకింది. ఆ పది నెలల్లోనే వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని జాతీయ రహదారుల వెంట నడిచారు.

ఈ రెండిటినీ కలిపి చూస్తేనే అసలు విషయం అర్థమవుతుంది. మార్చి నెలలో షేర్లు కొన్నవాడికి ఇంటి ఖర్చులు పోను డబ్బు మిగిలింది, అది పెరిగేదాకా ఏడాదైనా ఆగగలడు. తాకట్టు బల్ల దగ్గరకు వచ్చిన మనిషికి సోమవారం లోపు డబ్బు కావాలి. కష్టకాలంలో ఎన్నడూ గిరాకీ తగ్గని సరుకు గడువు. అది ఉన్నవాడు అమ్ముతాడు, లేనివాడు ఎంతకైనా కొంటాడు. వడ్డీ అనేది ఆ గడువు ధర. నేను పధ్నాలుగేళ్లలో నేర్చుకున్నది ఇదే. మిగిలినవన్నీ దీన్నుంచి పుట్టినవే.

వడ్డీ రేట్లు చూడండి. 2020 మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీని, 4 శాతానికి దించింది. ఇంటి రుణం 7 శాతం దగ్గరకు వచ్చింది. డిపాజిట్ మీద బతికే పెన్షనర్‌కు ఐదు, ఐదున్నర శాతం చేతికి వస్తే గొప్ప. బంగారం తాకట్టు పెట్టుకునే కంపెనీలో మాత్రం పథకాన్ని బట్టి ఏడాదికి 12 నుంచి 24 శాతం దాకా నడిచింది. ప్రైవేటు కొట్లలో నూటికి రెండు రూపాయలు, అవసరం ముదిరితే మూడు. నూటికి రెండు అంటే చిన్న అంకెలా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతం అని లెక్క వేసుకుని అప్పు తీసుకునేవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను.

అప్పులన్నిటిలోకీ ఇచ్చేవాడికి భయం తక్కువగా ఉండేది బంగారం మీది అప్పుకే. సరుకు అతని ఇనప్పెట్టెలోనే ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా ఒక్క రోజులో అమ్ముకోవచ్చు. అలాంటప్పుడు వడ్డీ అందరికంటే తక్కువ ఉండాలి కదా? ఏ హామీ లేకుండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 11, 12 శాతానికి అప్పు పుడుతుంది. నాలుగు కాసుల బంగారం అప్పగించిన టైలరమ్మ 24 శాతం కడుతుంది. చిన్న అప్పుకైనా పెద్ద అప్పుకైనా తూకం, పరీక్ష, కాపలా, బీమా ఖర్చు ఒక్కటే అని కంపెనీలు అంటాయి. అది అబద్ధం కాదు, ఆ ఖర్చుల పద్దులు నేనూ రాశాను. కానీ తేడా మొత్తం ఆ ఖర్చుల వల్ల వచ్చింది కాదు. ఉద్యోగి నాలుగు బ్యాంకుల్లో రేట్లు అడిగి వారం ఆగి తీసుకుంటాడు. టైలరమ్మకు రెండో బ్యాంకు దాకా వెళ్లే తీరిక ఉండదు. ఆ తొందరకు కూడా ఆమే ధర కడుతుంది.

ప్రభుత్వం ఇచ్చే ఊరట కూడా ఒక్కోసారి ఇలాగే దారి తప్పుతుంది. 2020 ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు ఒక సడలింపు ఇచ్చింది. వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులు నగ విలువలో 75 శాతం దాకానే అప్పు ఇవ్వాలన్న హద్దును 2021 మార్చి 31 వరకు 90 శాతానికి పెంచింది. ఇంట్లో ఉన్న అదే నగ మీద ఇంకొంచెం డబ్బు దొరకాలన్నది ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కానీ ఆ మర్నాడే, ఆగస్టు 7న, పది గ్రాముల మేలిమి బంగారం, ముందు తేదీకి బేరం కుదుర్చుకునే ఫ్యూచర్స్ మార్కెట్లో 56 వేలు దాటి శిఖరాన్ని తాకింది. అక్కడి నుంచి దిగడం మొదలై, సడలింపు ముగిసిన మార్చి నెలాఖరుకు 45 వేలకు దిగువన ఉంది. అంటే ధర కొండెక్కిన వారంలో అతి ఎక్కువ అప్పుకు తలుపు తెరుచుకుంది.

దీన్ని ఒక ఇంటి లెక్కగా చెబుతాను. అంకెలు సులువుగా ఉండటానికి గ్రాము 5,000 రూపాయలు అనుకుందాం. నికర బరువు 40 గ్రాములు, అంటే అయిదు కాసులు. విలువ 2 లక్షలు. తొంభై శాతం అప్పు తీసుకుంటే 1,80,000. తొమ్మిది శాతం వడ్డీతో ఏడాదికి బాకీ 1,96,200 అవుతుంది. ఈలోగా ధర అయిదో వంతు తగ్గితే నగ విలువ 1,60,000. కాగితం మీద చూసేవాళ్లు నగ వదిలేసుకోవడమే మేలంటారు. అలా కుదరదు. వేలంలో తక్కువ పడిన సొమ్ము అప్పు తీసుకున్న ఇల్లాలి పేరు మీద బాకీగా ఉండిపోతుంది. పైగా ఆ పెట్టెలో ఉన్నది పుస్తెలతాడు. దాన్ని వదిలేసుకోమని ఏ ఆడపిల్లకూ నేను చెప్పలేకపోయాను. చాలామంది ఇంకో చోట అప్పు చేసి వడ్డీ కట్టి, తిరగరాసుకుని వెళ్లారు.

ధర పడినప్పుడు నష్టపోయేది కంపెనీ కదా అని ఎవరైనా అడగవచ్చు. కొంత నిజమే. అందుకే మూడు, నాలుగు నెలల గడువుతో అప్పులిచ్చి, గడువు దాటగానే అమ్మేసే పద్ధతి వచ్చింది. 2021 జనవరి నుంచి మార్చి వరకు కేరళకు చెందిన ఒక పెద్ద కంపెనీ వేలం వేసిన బంగారం విలువ సుమారు 404 కోట్ల రూపాయలు. అంతకుముందు తొమ్మిది నెలలూ కలిపి అది వేసిన వేలం 8 కోట్లు మాత్రమే. ఒక్కో పొట్లం మీద ఒక ఇంటి పేరు ఉంటుందని గుర్తుంచుకుని ఈ అంకెలు చదవండి.

వేలంలో ఎవరు కొంటారు? డిపాజిట్ కట్టి, గుత్తగా పొట్లాలు ఎత్తగలిగిన బంగారం వర్తకులు. ఇలాంటి కంపెనీలకు 2013లో పెట్టిన నిబంధన ప్రకారం, గడచిన ముప్పై రోజుల సగటు ధరలో 85 శాతం దాకా కనీస ధరను అప్పట్లో దించగలిగేవారు. ఆ నగ కరుగుతుంది, శుద్ధి అవుతుంది, కొత్త నగ అవుతుంది. దాన్ని మజూరి, తరుగు, 3 శాతం జీఎస్టీ కలిపి మళ్లీ షోరూంలో అమ్ముతారు. మొదట కొన్నప్పుడు మజూరి కట్టిన ఇల్లాలు, తాకట్టులో రాళ్లు, లక్క, తరుగు అన్నీ తీసేసిన బరువుకే అప్పు పొందింది. వేలంలో ఆ మజూరి గాలికి పోయింది. మంచి రోజులు వచ్చి మళ్లీ కొనుక్కుంటే మజూరి రెండోసారి కడుతుంది. బంగారం ఎక్కడికీ పోలేదు, ఊళ్లోనే తిరిగింది. తిరిగిన ప్రతి మలుపులోనూ ఆమె చేతిలోంచే కొంత రాలింది.

మా వీధి చివర ఇడ్లీ బండి నడిపే ఆవిడ ఉంది, నన్ను బాబాయి గారూ అని పిలుస్తుంది. 2020 సెప్టెంబరులో బండి ఆగిపోయి, అత్తగారి ఆస్పత్రి ఖర్చు మీద పడి, ఒక ప్రైవేటు కంపెనీలో రెండు జతల గాజులు పెట్టింది. గడువు మూడు నెలలని, అది దాటితే వడ్డీ రేటు మారుతుందని కాగితం మీద ఉంది. ఆమెకు చదివి చెప్పినవాళ్లు లేరు. ఈలోగా అద్దె ఇల్లు మారింది. నోటీసు పాత చిరునామాకు వెళ్లి తిరిగిపోయింది. ఫిబ్రవరిలో డబ్బు సర్దుకుని వెళితే నగలు వేలంలో పోయాయన్నారు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "పోవడం అంటే ఏమిటి బాబాయి గారూ, దొంగలెత్తుకుపోయారా?" అని అడిగింది. మర్నాడు నేను వెంట వెళ్లి వేలం లెక్క అడిగాను. బాకీ పోను ఆమెకు 3,140 రూపాయలు తిరిగి రావాలి. అడిగేదాకా ఆ మాట ఎవరూ చెప్పలేదు. గాజులు మాత్రం అప్పటికే కరిగిపోయాయి.

ప్రైవేటు వాళ్లనే తప్పుపట్టి మా బ్యాంకుల సంగతి దాచిపెడితే అది అన్యాయం. పంట రుణం పేరుతో బంగారం మీద 3 లక్షల దాకా ఏడు శాతానికి అప్పిచ్చి, గడువులోగా తీరిస్తే మరో మూడు శాతం రాయితీ ఇచ్చిన రోజులున్నాయి. చివరికి రైతుకు పడేది నాలుగు శాతమే. చూపించాల్సింది పట్టాదారు పాసుపుస్తకం. డెల్టాలో పొలం ఒకరిది, సేద్యం మరొకరిది. పాసుపుస్తకం ఉన్నాయన హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటాడు. ఆయన నగలు పెట్టి నాలుగు శాతానికి అప్పు తీసుకునేవాడు. ఆయన పొలం దున్నే కౌలు రైతుకు కాగితం లేదు. భార్య మెడలోది తీసుకెళ్లి నూటికి రెండు రూపాయలకు కుదువ పెట్టేవాడు. నాలుగు శాతానికి తీసుకున్న డబ్బే తిరిగి తిరిగి ఇరవై నాలుగు శాతానికి అదే ఊరి కౌలు రైతు చేతికి వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఆ నాలుగు శాతం కాగితాల మీద నా సంతకాలు ఉన్నాయి. నిబంధన ప్రకారం అవి సరైనవే, కానీ ఆ విషయం గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు. 2019లో కేంద్రం ఆ రాయితీని కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాలకు పరిమితం చేసి దారి కొంత మూసింది. కౌలు రైతు కష్టం మాత్రం తీరలేదు.

ఇదంతా కొత్త కాదు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర కొద్ది ఏళ్లలోనే సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం డబ్బు రూపంలో కట్టాల్సిందే, పాత అప్పుల అంకెలూ తగ్గలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే పౌండు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతిని, వదిలేసింది. పౌండుకు కట్టి ఉన్న రూపాయి దానితోపాటే దిగింది, రూపాయల్లో బంగారం ధర పైకి లేచింది. పల్లెల్లో పెట్టెల అడుగున ఉన్న నగలు బయటికొచ్చి, బొంబాయి వర్తకుల చేతుల మీదుగా ఓడలెక్కి లండన్ చేరాయి. శిస్తు కట్టడానికి మన ఇళ్లు అమ్ముకున్న బంగారం అక్కడ పౌండు పడిపోకుండా ఊతమయ్యింది. పాలించేవాడి కష్టాన్ని పాలితుడి మెడలోని గొలుసు గట్టెక్కించింది.

అప్పిచ్చినవాడు ఎప్పుడూ గెలుస్తాడని కూడా అనుకోవద్దు. అదే కాలంలో దిగువ బర్మాలో వరి రైతులకు అప్పులిచ్చిన తమిళ వడ్డీ వ్యాపారులు, నాట్టుకోట్టై చెట్టియార్లకు, బాకీల కింద భూములు వచ్చిపడ్డాయి. 1930లో అక్కడి సాగుభూమిలో వాళ్ల వాటా 6 శాతం, 1938 నాటికి 25 శాతం. వాళ్లు వ్యాపారులు, వాళ్లకు కావాల్సింది నగదు, పొలాలు కావు. కొనేవాడు లేని భూమి వాళ్ల చేతిలో మిగిలింది. దానితోపాటు జనం కోపమూ వచ్చింది. 1942లో జపాన్ సేనలు రాగానే అన్నీ వదిలి బయలుదేరాల్సి వచ్చింది. కాకినాడ, విశాఖ వైపు నుంచి రంగూన్ రేవు పనులకు వెళ్లిన మన తెలుగు కూలీలైతే ఎవరికీ అప్పులివ్వలేదు, ఎవరి భూమీ తీసుకోలేదు. అయినా 1930 మే నెలలోనే రంగూన్ అల్లర్లలో దెబ్బలు, చావులు వాళ్లకే ఎదురయ్యాయి. లాభం తినని చేతులు ముందుగా దెబ్బలు తిన్నాయి.

దేశమే తాకట్టు బల్ల దగ్గర నిలబడిన సంవత్సరం నాకు స్వయంగా గుర్తుంది. 1991 జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి 40.5 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. నేనప్పుడు కొత్తగా చేరిన ఆఫీసర్ని. మాట మీద అప్పు పుట్టక, బంగారాన్ని దేశం దాటించాల్సి వచ్చింది. ఇడ్లీ బండి ఆవిడకు ఎదురైంది అదే స్థితి. తేడా ఒక్కటే, దేశానికి బేరమాడే అధికారులు ఉన్నారు.

మరి బంగారం కూడా లేనివాళ్లు? వాళ్లు వారం వాయిదాల సూక్ష్మరుణాలకు వెళ్లారు. 2010 ఆగస్టు నాటికి హైదరాబాద్‌కు చెందిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఒక్కో షేరు 985 రూపాయల ధరకు పబ్లిక్ ఇష్యూ ముగించింది, అమ్మకానికి పెట్టినదానికి 13 రెట్లకు పైగా డబ్బు వచ్చి పడింది. అక్టోబరు 15కల్లా అదే రాష్ట్రంలో, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, ఫోనులో అప్పులిచ్చే యాప్‌ల మీద తెలంగాణ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. అక్కడ తాకట్టు పెట్టింది ఫోనులోని బంధువుల నంబర్లు, మనిషి పరువు. వాటితో పోలిస్తే బంగారం తాకట్టు ఎంతో మర్యాదైన అప్పు.

కాబట్టి "న్యాయమేనా?" అన్నదానికి నా సమాధానం రెండు ముక్కలుగా ఉంటుంది. మీ వీధి కంపెనీ తలుపు తెరిచి ఉండటం తప్పు కాదు. లాక్‌డౌన్ రోజుల్లో బ్యాంకు శాఖల్లో సగం మందే ఉన్నప్పుడు, అరగంటలో డబ్బు చేతిలో పెట్టింది వాళ్లే. ఆ డబ్బుతో ఆక్సిజన్ సిలిండర్ కొన్నవాళ్లు నాకు తెలుసు. అన్యాయం వేరే చోట ఉంది. చవక డబ్బు ముందు దాని అవసరం లేనివాళ్లకు చేరడం, అవసరం ఉన్నవాళ్లకు అది చేతులు మారి మారి ఆరు రెట్లు ఖరీదై అందడం అన్యాయం. దీన్ని మార్చగలిగింది బ్యాంకులు, ప్రభుత్వాలు. కౌలు రైతుకు కాగితం, చిన్న వ్యాపారికి హామీ లేని చిన్న అప్పు మంచి రోజుల్లోనే అందుబాటులో ఉంచితే, కష్టం వచ్చిన నాడు ఆ మనిషి తొందరపడాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

ఇక మీ చేతిలో ఉన్నవి. నగలన్నీ తాకట్టు పెట్టి వడ్డీ కట్టలేక అన్నీ పోగొట్టుకోవడం కంటే, ఒక్క నగను పూర్తిగా అమ్మి మిగిలినవి ఇంట్లో ఉంచుకోవడం చాలాసార్లు మేలు. ఈ మాట చెబితే ఎవరికీ నచ్చదని తెలుసు, అయినా చెబుతాను. పెట్టక తప్పకపోతే ముందు బ్యాంకులో అడగండి, ఒక్క పూట ఆలస్యమైనా సరే. నికర బరువు, వడ్డీ రేటు, గడువు తేదీ, గడువు దాటితే రేటు ఎంతవుతుందో రాతలో తీసుకోండి. అసలు కట్టలేకపోయినా నెలనెలా వడ్డీ కట్టండి, అది పేరుకుంటేనే నగ విలువను మింగుతుంది. ధర పెరిగిందని అదే నగ మీద పైఅప్పు ఇస్తామంటూ ఫోన్లు వస్తాయి. పది గ్రాములు లక్ష దాటిన 2025 నుంచి ఇవి మరీ ఎక్కువయ్యాయి. ఆ పెరుగుదల మీది, దాన్ని తొందరపడి వాళ్ల పుస్తకంలో రాయించకండి.

నిబంధనలు కొంత మెరుగుపడ్డాయి. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ప్రకటించిన ఆదేశాలకు అమలు గడువు 2026 ఏప్రిల్ 1. వాటి ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం హద్దు. అసలు, వడ్డీ ఒకేసారి కట్టే అప్పుల్లో గడువు నాటికి అయ్యే వడ్డీని కూడా ఆ హద్దులోనే లెక్కేయాలి. వేలం కనీస ధర 90 శాతం నుంచి మొదలవ్వాలి. బాకీ మొత్తం తీర్చిన ఏడు పని దినాల్లోగా నగ తిరిగి ఇవ్వాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు కట్టాలి. వేలంలో మిగిలిన సొమ్ము మీదే, లెక్క కాగితం అడిగి తీసుకునే హక్కు మీకుంది.

మీ వీధిలోని ఆ కంపెనీలో మీ ఇంట్లోవాళ్ల నగలు ఏమైనా ఉంటే, రేపే వెళ్లి వాళ్ల పుస్తకంలో ఉన్న చిరునామా, ఫోను నంబరు ఇప్పటివేనా అని చూసుకోండి.